కావాలని తప్పు రాసిన పరీక్ష

కాపర్ ల్యాండింగ్, మానిటోబా
జనవరి 9

ప్రియమైన డాసన్,

నువ్వు అబద్ధాలకోరువి. నా వంటింట్లో కూచుని, నేను బంగాళదుంప కూరి వండిన పెరోగీలు మీగడలో ముంచుకు తింటూ, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ అబద్ధమాడావు. ముందు ఆ సంగతి ఒప్పుకో. ఎలా ఉన్నావు, ఏం తింటున్నావు అనే పలకరింపులు ఆ తరవాత.

క్రిస్మస్‌కి దొరికిన కాస్త సెలవులో మమ్మల్ని చూడ్డానికి అంత దూరం వచ్చావని మా ఆయన స్టాన్ ఇప్పటికీ పొంగిపోతున్నాడు. నేను పొంగలేదు. నేను నిన్ను చూస్తూ కూచున్నాను. గుమ్మంలోకి రాగానే, "బల్బు మార్చారా ప్రెసిడెంటు గారూ, పోలీస్ స్టేషన్‌లా ఉంది ఇల్లు" అని జోకేసి దీపం ఆర్పేశావు. నువ్వు మా ఇంట్లో ఉండి హైస్కూలు చదివిన రోజుల నుంచీ ఆ దీపం వెలుతురు అంతే. స్టాన్ రేడియో పెడితే లేచి బయటికి పోయావు, కారు ఇంజను గడ్డకట్టకుండా హీటరుకి ప్లగ్గు పెట్టారో లేదో చూస్తానని. మైనస్ ముప్ఫైలో, టోపీ లేకుండా. వెళ్ళేటప్పుడు, "ఫోన్ వద్దు, ఉత్తరాలు రాయండి, పాత పద్ధతి బావుంటుంది" అన్నావు. ఇరవయ్యొక్కేళ్ళ వాడికి పాత పద్ధతి మీద మోజేమిట్రా? ఫోన్ తెర చూస్తే నీ తల పగిలిపోతోంది. అదీ అసలు సంగతి.

ఇవన్నీ నేను మింగేద్దును. పేకాట దగ్గర మాత్రం మింగలేకపోయాను.

నీ చేతిలో రెండు ఏడులు, రెండు ఎనిమిదులు. పైన తిరిగింది తొమ్మిది. క్రిబేజ్ ఆటలో ఒక్క దెబ్బకి ఇరవై నాలుగు పాయింట్లిచ్చే అలాంటి చెయ్యి చలికాలం మొత్తంలో ఒక్కసారి వస్తే గొప్ప. ఇదివరకటి డాసన్ అయితే ముక్కలు బల్ల మీద పరవకముందే "ఇరవై నాలుగు, నోరు మూసుకో స్టాన్" అని స్కోరు పలక మీద మేకు జరిపేసేవాడు. ఆవేళ నువ్వు ముక్కల్ని చూస్తూ కూచున్నావు. "ఎనిమిది... పన్నెండు..." అని ఆగిపోయావు. నువ్వు లెక్కపెట్టకుండా వదిలేసిన పాయింట్లు ఎదుటివాడివి కదా, స్టాన్ ఎగిరి గంతేశాడు. "మిగతావన్నీ నావే! ముసలాణ్ణి చూసి జాలిపడ్డావా కుర్రాడా?" అన్నాడు. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి స్టాన్ మేకుని ఉన్నచోటే ఉంచేశాడు.

గిన్నెలు కడుగుతూ అడిగాను, తలకేమైనా తగిలిందా అని.

"నవంబరులో కాస్త తగిలింది. పరీక్ష పెట్టారు, పాసయ్యాను."

"ఏం పరీక్ష?"

"కంప్యూటరు మీద. బొమ్మలు, మాటలు గుర్తుపెట్టుకోవడం. పాసయ్యానని చెప్పాగా, వదిలెయ్యండి."

ఐస్ హాకీ క్లబ్బు వాళ్ళు పదహారేళ్ళ పిల్లాణ్ణి ఒక సంచీతో, రెండు కర్రలతో మా గుమ్మంలో దింపి, "మూడు పూటలా తిండి పెట్టండి, స్కూలుకి పంపండి, ఆట మేం చూసుకుంటాం" అని చెప్పి పోయారు. ఆ రోజు నుంచి నువ్వు నాతో ఎన్నోసార్లు దెబ్బలాడావు, తలుపులు ధడేల్మని వేశావు. "వదిలెయ్యండి" అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

వదిలిపెట్టను. పాతికేళ్ళు ఆసుపత్రి కార్మికుల సంఘం నడిపినదాన్ని. ఈ ఊళ్ళో గనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే సైరన్ మోగుతుంది, పని ఆగుతుంది, దెబ్బ ఎందుకు తగిలిందో తేలేదాకా ఎవరూ కిందికి దిగరు. మీ దగ్గర కుర్రాడి తల వెళ్ళి ఆడే మంచు చుట్టూ ఉన్న అద్దానికి గుద్దుకుంటే ఏం చేస్తారు? పెద్ద తెర మీద మళ్ళీ నెమ్మదిగా చూపిస్తారు. పాప్‌కార్న్ అమ్ముతారు. వాడు లేచి నిలబడితే చప్పట్లు, లేవకపోతే ఇంకా పెద్ద చప్పట్లు. స్ట్రెచర్ మీద పోతూ బొటనవేలు పైకెత్తి చూపించాలి కూడా, జనం మనసు కష్టపెట్టుకోకుండా! ఏ ఫ్యాక్టరీలోనైనా ఇలా జరిగితే యజమానిని బోనెక్కిస్తారు. దీనికి మాత్రం మన వాళ్ళు గుండె ధైర్యం అని పేరు పెట్టుకున్నారు.

ఇరవై నాలుగు లెక్కపెట్టలేని తలతో ఆ పరీక్ష ఎలా పాసయ్యావు? నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

కోపంతో, నీ మీద బెంగతో,
లోర్నా


పోర్ట్ హాలన్
జనవరి 24

ప్రెసిడెంటు గారికి,

ఒప్పుకుంటున్నాను. అబద్ధమాడాను.

ఇది ఒకేసారి కూచుని రాసింది కాదు. కాస్త రాస్తే అక్షరాలు ఈదుతాయి, కళ్ళు మూసుకుని పడుకుని మళ్ళీ రాస్తాను. చేతిరాత బాగోలేదని ఎర్రసిరా పట్టుకోకండి.

పరీక్ష సంగతి చెప్తాను. సీజన్ మొదలవకముందు, అందరం బాగున్నప్పుడు, ఒక్కొక్కణ్ణీ కూచోబెట్టి ఆ కంప్యూటరు పరీక్ష పెడతారు. అది మన మామూలు కొలత అన్నమాట. తరవాత తలకి తగిలితే మళ్ళీ పెట్టి, మొదటి దానితో పోలుస్తారు. తగ్గితే ఆడనివ్వరు. అందుకని మొదటిసారే తప్పులు రాసేస్తాం. నేను ఒక్కణ్ణే కాదు. కర్రకి టేపు ఎలా చుట్టాలో, తడిసిన గ్లవ్స్ ఎక్కడ ఆరేసుకోవాలో చెప్పినట్టే పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకి ఇదీ చెప్తారు. నాకు చెప్పినాయన పేరు రాయను. మంచివాడు, ఆయనకి ఇద్దరు పిల్లలు. "మరీ తెలివితక్కువగా రాస్తే పట్టేస్తార్రా. బద్ధకస్తుడిలా రాయాలి," అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నేను చాలా బాగా రాశాను, బద్ధకస్తుడిలా.

నవంబరులో ఒకడి మోచెయ్యి తగిలి తల అద్దానికి కొట్టుకుంది. బెంచీ మీదికి వెళ్ళి పక్కవాణ్ణి "స్కోరెంత?" అని అడిగాను. వాడు చెప్పాడు. మళ్ళీ అడిగాను. "చెవుడొచ్చిందా బే!" అన్నాడు. మర్నాడు పరీక్ష పెట్టారు. ఈసారి నా శాయశక్తులా రాశాను లోర్నా గారూ. ఒక్క తప్పూ కావాలని రాయలేదు. మార్కులు మొదటిసారి వచ్చినన్నే వచ్చాయి. జట్టులో దెబ్బలు చూసుకునే ట్రైనర్ భుజం తట్టి "ఏం తేడా లేదు, పో, ఆడుకో" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. నాకు భయం వేసేది అది కాదు. ఆ కంప్యూటర్లో ఉన్న డాసన్ నేను కాదు. అసలు నేనెంతో ఎక్కడా లేదు. ఇప్పుడు నేను తగ్గానా, ఎంత తగ్గాను, మళ్ళీ వస్తానా, చెప్పగలిగిన కొలతని నేనే పాడుచేసుకున్నాను. ఒక్కోసారి నేనెప్పుడూ ఇంతేనేమో, పూర్వం తెలివైనవాణ్ణని ఊరికే అనుకునేవాణ్ణేమో అనిపిస్తుంది.

ఇంకో సంగతి. జట్లు ఒకరి ఆటగాళ్ళని ఒకరు మార్చుకునే గడువు మార్చిలో అయిపోగానే నన్ను పై లీగుకి పిలుస్తారట. కోచ్ గదిలోకి పిలిచి మెల్లిగా చెప్పాడు. నాన్నకి చెప్పేశాను, ఆగలేకపోయాను.  తెల్లవారుజామున లేచి పెరట్లో నీళ్ళు పోసి నా స్కేటింగ్ కోసం మంచు గడ్డకట్టించిన మనిషి. ట్రాక్టరు పక్కన పెట్టి నన్ను ఎన్ని ఊళ్ళు తిప్పాడో మీకు తెలుసు. ఇప్పుడు మా ఊళ్ళో బస్సు మాట్లాడుతున్నారట, నా మొదటి ఆటకి అందరూ కలిసి రావడానికి.

ఒక్క ఆట ఆడనివ్వండి. ఒక్కటే. తరవాత నేనే చెప్పేస్తాను.

మీరు నన్ను తిట్టడం సరే. ప్రేక్షకుల్లో మూడో వరసలో నిలబడి "పడేసి తొక్కరా వాణ్ణి!" అని అరిచిందెవరు? రిఫరీ తల్లిని కూడా వదల్లేదు మీరు. నా మీద అంత ప్రేమ మీకు ఎందుకొచ్చింది? నేను ఆడతాననే కదా. క్లబ్బు పంపబట్టి మీ ఇంటికొచ్చాను. ఆట లేకపోతే మీకు నేనెవర్ని? ఏడిపించాలని అడగటం లేదు. నిజంగానే తెలీక అడుగుతున్నాను.

డాసన్


కాపర్ ల్యాండింగ్
ఫిబ్రవరి 2

నా డాసన్‌కి,

నీ ఉత్తరం స్టాన్ పైకి చదివాడు. సగంలో కళ్ళజోడు తుడుచుకోవాలని లేచి వెళ్ళి చాలాసేపు తుడుచుకున్నాడు. తిరిగొచ్చి, నా చేతిలో కలం చూసి, "వాణ్ణి తిట్టకు లోర్నా" అన్నాడు.

"తిట్టడం లేదు. రాస్తున్నాను."

"నీకు రెండూ ఒకటే."

ముందు ఆ మూడో వరస సంగతి తేల్చుకుందాం. అవును, అరిచాను. ఇకముందూ అరుస్తాను. మంచు మీద కుర్రాళ్ళు పిట్టల గుంపులా ఒక్కసారిగా మలుపు తిరిగితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఈ ఊళ్ళో ఆరు నెలలు సూర్యుడు పలకరించీ పలకరించకుండా పోతుంటే మమ్మల్ని బతికించేది మంచు పరిచిన ఆ రింకే. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళు నోరు మూసుకోవాలని ఎవడు చెప్పాడు? ప్రేమ ఉంది కాబట్టే దాన్ని సంతలా నడిపేవాళ్ళని తిడతాను. ఆసుపత్రినీ అలాగే ప్రేమించాను, దాని యాజమాన్యాన్ని అలాగే తిట్టాను.

"ఒక్క ఆట" అంటున్నావు. ఆ మాట నాకు కొత్త కాదు. "ఈ ఒక్క డ్యూటీ చేసేసి చెప్తాను లోర్నా" అంటూ నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్ళని ఎంతమందినో చూశాను. ఎవరూ వాళ్ళని కొరడాతో కొట్టి పనిచేయించలేదు. పక్కవాళ్ళకి భారమవుతామని, పిరికివాళ్ళంటారని, వచ్చే అవకాశం పోతుందని వాళ్ళంతట వాళ్ళే చేశారు. దోపిడీ బాగా ముదిరాక దానికి కాపలావాడు అక్కర్లేదు, దోపిడీకి గురయ్యేవాడే ఆ కాపలా కాస్తాడు. మీ డ్రెస్సింగ్ రూమ్‌లో అందరూ నవ్వుకుంటూ నేర్చుకున్న ఆ పరీక్ష విద్య ఏమిటనుకున్నావు? మీ తలల్ని మీ చేత్తోనే తక్కువ కట్టి అమ్ముకోవడం. ఆ మంచివాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వాడికి ఆ విద్య నేర్పినవాడూ మంచివాడే అయ్యుంటాడు. మంచివాళ్ళంతా కలిసి ఇలా చేసుకునే దుస్థితి ఎవరు తెచ్చారని నువ్వు ఒక్కసారైనా అడిగావా?

మీ జట్టు డాక్టరు ఫోన్ నంబరు సంపాదించాను. చెయ్యలేదు. చెయ్యను కూడా. పనివాడి వెనక చేరి యాజమాన్యానికి కబురు మోసే మనిషిని కాను, ఆ పనివాడు నా కళ్ళ ముందు పెరిగినవాడైనా సరే. తల నీది, చెప్పే నోరూ నీదే కావాలి. ఫోన్ వైపు వెళ్ళకుండా నన్ను నేను కుర్చీకి కట్టేసుకుంటున్నాను. అదెంత కష్టమో నీకు తెలియాలనే రాస్తున్నాను.

ఇక నీ కొలత సంగతి. ఎక్కడా లేదన్నావు. లేకపోవడమేమిటి, నా దగ్గరుంది.

నువ్వు బల్లకి అటువైపు కూచుని, ఇటువైపు పత్రికలో నేను పూరిస్తున్న గళ్ళనుడికట్టు తలకిందులుగా చదివి, నా కన్నా ముందే జవాబు చెప్పి నా చేత తన్నులు తినబోయేవాడివి. చరిత్ర పరీక్షకి ముందురోజు రాత్రి కూడా పుస్తకం తెరవకుండా, బస్సులో ఒక్కసారి చదివి, మంచి మార్కులతో వచ్చి కాలరెగరేసేవాడివి. అవతలి జట్టులో ప్రతివాడూ ఏ చేత్తో కొడతాడో, ఏ కాలు వీకో నీకు నోటికొచ్చు. స్టాన్ ఒకే కథని రెండుసార్లు చెప్తే, "పోయినసారి ఎలుగుబంటి చిన్నది స్టాన్, ఈసారి పెరిగింది" అని పట్టేసేవాడివి. మా అమ్మ చనిపోయినప్పుడు ఆమె ఉక్రేనియన్ పాట ఒకటి, అర్థం తెలియకుండానే, ఒక్క మాట తప్పకుండా పాడి నా చెయ్యి పట్టుకున్నావు. వినీ వినకుండా విన్న పాట అది. నువ్వు పూర్వం తెలివైనవాడివని ఊరికే అనుకోలేదురా. అనుకున్నది నేను. నేను దేన్నీ ఊరికే అనుకోను.

ఏ డాక్టరు ముందైనా వచ్చి కూచుని ఇదంతా చెప్తాను. అడిగితే స్టాన్ కూడా చెప్తాడు, ఎలుగుబంటి సంగతి తప్ప.

నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్నకి కాగితం మీద జవాబు చెప్పను. దానికి నాకు ఇంకా కోపంగా ఉంది.

లోర్నా


పోర్ట్ హాలన్
మార్చి 11

లోర్నా గారికి,

చెప్పేశాను.

గడువు అయిపోయిన మర్నాడు పై జట్టు నుంచి పిలుపు వచ్చింది. కోచ్ చెయ్యి కలిపాడు. ఆ చేత్తోనే వెళ్ళి ట్రైనర్ గది తలుపు కొట్టాను. "నాకు మళ్ళీ పరీక్ష పెట్టాలి" అన్నాను.

"పాసయ్యావుగా?"

"రెండోది నిజమే. మొదటిదే దొంగది."

ఆయన లేచి తలుపు మూశాడు. "ఇంకా ఎంతమంది?" అన్నాడు. "నా సంగతే చెప్పడానికి వచ్చాను," అన్నాను. ఆయన, "నాకూ తెలుసనుకో, తెలియనట్టుంటాం," అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బావుండేది.

పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ సీజన్ లేదు. వచ్చేది కూడా ఇప్పుడే చెప్పలేమన్నారు. నా బదులు సల్లివన్ వెళ్ళాడు, నా గదిలోవాడే. వాడి పెట్టె నేనే సర్దాను. వెళ్తూ, "సారీ రా" అని, ఒక్క అడుగేసి, మళ్ళీ వెనక్కొచ్చి చెవిలో, "నేనూ అలాగే రాశాను" అని చెప్పి పరిగెత్తాడు.

నాన్నకి ఫోన్ చేశాను. "బస్సుకి డబ్బు కట్టేశాం" అన్నాడు. తరవాత, "నువ్వు బాగున్నావా?" అన్నాడు. రెండూ అదే వరసలో అన్నాడు. నేను ఆ వరస మర్చిపోవాలని చూస్తున్నాను. మంచివాడాయన, మీరేమీ అనకండి. కానీ ఇప్పుడే ఆ ఇంటికి వెళ్ళలేను. పెరట్లో ఆ మంచు ఇంకా కరిగి ఉండదు.

ఇక్కడి గది జట్టుది, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మీ ఇంట్లో గది ఆటగాళ్ళది. నాకు ఆ సంగతి తెలుసు. ఊరికే చెప్తున్నాను.

తప్పు చేశానా? అందరూ నాతో మెల్లిగా మాట్లాడుతున్నారు, ఎవరో పోయినట్టు.

డాసన్


కాపర్ ల్యాండింగ్
మార్చి 17

మా డాసన్‌కి,

ఎవరూ పోలేదు. వాళ్ళకి మెల్లిగా మాట్లాడటమే చేతనవును, గట్టిగా మాట్లాడవలసిన చోట. అందుకు నేనున్నాను.

నువ్వు చేసింది తప్పా అని అడిగావు. ఒక గదినిండా మగాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వి దాచిన మాటని తలుపు తట్టి పైకి చెప్పావు. సమ్మెలో నా పక్కన నిలబడ్డ వాళ్ళలో కూడా ఇంత పని చేసినవాళ్ళు తక్కువ. ఆ ట్రైనరు "తెలియనట్టుంటాం" అన్నాడు చూడు, ఆ మాట మీద నేను పత్రికకి రాస్తాను, లీగుకి రాస్తాను, ఆటగాళ్ళ సంఘం నిద్ర లేచేదాకా రాస్తాను. నీ పేరు నువ్వు పెట్టమంటేనే పెడతాను. ప్రతి కుర్రాడికీ ఆ పరీక్ష మళ్ళీ పెట్టాలి, ఒప్పుకున్నవాడి జీతమూ చోటూ పోకూడదు. ఆ పోట్లాట నాది. నువ్వు అందులోకి రాకు, విశ్రాంతి తీసుకో.

నిన్న నేను క్లబ్బు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఏడు మా ఇంటికి ఎవర్ని పంపాలని అడిగాడు. ఎవర్నీ వద్దన్నాను. "గది ఖాళీగా ఉందిగా?" అన్నాడు. "లేదు, మా వాడు వస్తున్నాడు," అన్నాను. "ఎవరు, ఏ స్థానంలో ఆడతాడు?" అన్నాడు. "ఏ స్థానంలోనూ ఆడడు. మా వాడు," అని చెప్పి వచ్చేశాను. వాడికి అర్థం కాలేదు. నీకు అర్థమవుతుందనుకుంటాను. అర్థం కాకపోతే స్టాన్‌ని అడుగు. నేను వచ్చేసరికి ఆయన ఆ గది గోడలకి రంగేస్తున్నాడు, నువ్వు ఒప్పుకున్నావో లేదో కూడా కనుక్కోకుండా.

నా డిమాండ్లు రాస్తున్నాను. బేరాలు లేవు.

ఒకటి. నెలాఖరుదాకా ఆగకుండా రా. రైల్లో కాదు, స్టాన్ కారులో వచ్చి తీసుకొస్తాడు.

రెండు. వెలుతురు ఎక్కువైతే చెప్పాలి. చప్పుడు ఎక్కువైతే చెప్పాలి. చప్పుడు నాదైనా సరే.

మూడు. బాగోలేని రోజున బాగున్నానని చెప్పకూడదు.

నాలుగు. మీ నాన్నకి వారానికోసారి ఫోన్ చెయ్యాలి. రెండు మాటల తరవాత మాటలు దొరక్కపోతే ఫోన్ నాకివ్వాలి. నేను ఆయన్ని ఏమీ అనను, భోజనానికి పిలుస్తాను.

ఐదు. మళ్ళీ ఆడతావా లేదా అన్నది డాక్టరు తేల్చాలి, నువ్వు తేల్చుకోవాలి. ఊరు తేల్చకూడదు. నేను కూడా తేల్చకూడదు. నేను నోరు జారితే గుర్తుచెయ్యాలి.

ఆరు. నెలనెలా క్లబ్బు ఇచ్చే తిండి ఖర్చు ఇక రాదు కాబట్టి నువ్వు ఇస్తానని అనకూడదు. కన్న పిల్లలు ఇవ్వరు.

ఏడు. మా తాళంచెవి నీ దగ్గర ఇంకా ఉంటే తలుపు తట్టకుండా లోపలికి రావాలి.

లోర్నా